కీలెరిగి వాత పెట్టాలి!

లారీ స్టీరింగ్ మొరాయిస్తే తప్పు ఎక్కడో ఒకచోట ఉంటుంది. అది దొరక్కుండా ఎన్ని భాగాలు మార్చినా డబ్బు దండగే. దొరికాక పట్టించుకోకపోతే మాత్రం... ప్రాణమే పణం!

జనవరి నెల. పొద్దింకా పొడవలేదు. కంగ్టిలో ఓ లారీ బయలుదేరడానికి సిద్ధంగా ఉందనుకోండి. వెనక నిండా కంది బస్తాలు. చేరాల్సింది ఉద్గీర్‌లోనో లాతూర్‌లోనో ఉన్న పప్పు మిల్లుకు. డ్రైవరే ఓనరు. బండి మీద ఫైనాన్సు ఉంది. నెల తిరిగేసరికి కిస్తీ కట్టాలి. కందుల సీజనేమో పట్టుమని రెండు నెలలు కూడా ఉండదు.

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. నాలుగు రోజులుగా స్టీరింగ్ మాట వినడం లేదు. కొంచెం తిప్పితే బండి కదలదు. ఇంకొంచెం తిప్పితే ఒక్కసారిగా పక్కకు పోతుంది. తిన్నని రోడ్డు మీద కూడా చేతులు అటూఇటూ ఆడిస్తూనే ఉండాలి.

'రోడ్డే గట్లుంది ఉస్తాద్, బండిదేం లేదు' అన్నాడు క్లీనరు.

'ఈ ఒక్క ట్రిప్పు కొట్టొచ్చినంక చూద్దాం తియ్' అన్నాడు డ్రైవరు.

ప్రమాదాల కథలు చాలావరకూ ఈ 'ఒక్క ట్రిప్పు' దగ్గరే మొదలవుతాయి. బ్రేకు బలహీనపడితే గేరు తగ్గించి వేగాన్ని అదుపు చేసుకునే దారి కొంతయినా ఉంటుంది. టైరు పేలినా స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకుని బండిని పక్కకు తీసుకెళ్లిన డ్రైవర్లు ఉన్నారు. కానీ స్టీరింగ్ కీలు ఊడిపోతే? చేతిలో ఉన్నది వట్టి చక్రం. రోడ్డు మీద ఉన్నది పాతిక టన్నుల ఇనుము. రెంటికీ సంబంధం తెగిపోతుంది!

పేర్లన్నీ ఒక్కటే

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న మండలం కంగ్టి. 2016లో జిల్లాలు విడిపోయేదాకా మెదక్ జిల్లాలో ఉండేది. ఇటు బీదర్, అటు నాందేడ్... మూడు రాష్ట్రాల మనుషులూ సరుకులూ కలిసే చోటు. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ అన్నీ చెవిన పడతాయి. కానీ లారీ కిందికి దూరాక మాత్రం అందరిదీ ఒకటే భాష. ప్లే, బుష్, కింగ్‌పిన్, టై రాడ్ ఎండ్! ఏ భాష మాట్లాడే డ్రైవరైనా ఏ ఊరి మెకానిక్‌కైనా రోగం చెప్పుకోగలడు.

ఈ ప్రాంతానికి బండ్లు కొత్తేం కాదు. సరిహద్దు గ్రామాల్లో దేవణి ఎడ్ల బండ్లు తిరిగిన దారులివి. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్‌కు చెందిన నిస్సాన్‌తో కలసి తేలికపాటి లారీలు తయారు చేసింది కూడా ఇదే ఉమ్మడి మెదక్ జిల్లాలోని జహీరాబాద్‌లోనే. తరవాత అది మహీంద్రా చేతికి వెళ్లింది.

ఇక రోడ్ల సంగతి. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. దానిమీద వేసిన రోడ్డు ఎంత బాగా వేసినా అలలు తేలుతుంది. ఆ ఎత్తుపల్లాల దెబ్బ ముందుగా తగిలేది ముందు చక్రాలకు, అక్కణ్నుంచి స్టీరింగ్ కీళ్లకు. దానికితోడు బరువు. పది చక్రాల లారీ సరుకుతో సహా తూగాల్సిన గరిష్ఠ బరువును కేంద్రం 2018 జులైలో 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచింది. బరువు పెరిగినకొద్దీ కీళ్ల మీద శ్రద్ధా పెరగాలి. చాలాచోట్ల మొదటిదే పెరిగింది!

చేతి నుంచి చక్రం దాకా...

ఎడ్లబండి మలుపు తిరగడానికి పెద్ద యంత్రాంగమేం అక్కర్లేదు. ఎడ్లు తిరిగితే కాడి తిరుగుతుంది, కాడితోపాటు బండీ తిరుగుతుంది. నాలుగు చక్రాల బండితోనే వచ్చింది చిక్కు. మలుపులో లోపలివైపు చక్రం చిన్న వలయంలో, బయటివైపు చక్రం పెద్ద వలయంలో తిరగాలి. అంటే రెండూ ఒకే కోణంలో తిరిగితే కుదరదు. జర్మనీలోని మ్యూనిక్‌లో గుర్రబ్బగ్గీలు తయారుచేసే లాంకెన్‌స్పెర్గర్ దీనికో ఉపాయం కనిపెట్టాడు. ఆయన తరఫున రుడాల్ఫ్ ఆకర్‌మన్ 1818లో ఇంగ్లండ్‌లో పేటెంటు తీసుకున్నాడు. కనిపెట్టింది ఒకరు, పేరు దక్కింది మరొకరికి! నేటికీ దాన్ని ఆకర్‌మన్ పద్ధతి అనే అంటారు. కంగ్టి లారీ మలుపు తిరిగేదీ ఆ సూత్రంతోనే.

లారీలో డ్రైవరు తిప్పే చక్రం కింద ఓ కడ్డీ ఉంటుంది. అది స్టీరింగ్ బాక్సులోకి వెళ్తుంది. బాక్సులోని మర, దాని గాళ్లలో దొర్లే ఉక్కు గుండ్లు చేతిబలాన్ని ఎన్నో రెట్లు చేస్తాయి. బాక్సు నుంచి కిందికి వేలాడేది డ్రాప్ ఆర్మ్. అది ముందుకూ వెనక్కూ ఊగుతూ డ్రాగ్ లింక్ అనే కడ్డీని తోస్తుంది. ఆ కడ్డీ ఒకవైపు చక్రాన్ని తిప్పుతుంది. రెండు చక్రాలనూ కలిపే పొడవాటి టై రాడ్ రెండోదాన్నీ వెంట తిప్పుతుంది. చక్రాలు రెండూ ఇరుసు చివర నిలువుగా దిగ్గొట్టిన కింగ్‌పిన్‌ల మీద తలుపు బందు మీద తిరిగినట్టు తిరుగుతాయి.

ఈ గొలుసులో ప్రతి కడ్డీ చివరా ఓ కీలు. గిన్నెలో గుండు కూర్చున్నట్టు ఉంటుంది. మనిషి తుంటి ఎముక కూడా ఇంచుమించు ఇలాంటిదే. తుంటి అరిగితే నడక మారుతుంది. ఇక్కడ గుండో గిన్నో అరిగితే బండి నడక మారుతుంది. ఆ వదులునే మెకానిక్‌లు 'ప్లే' అంటారు.

ఒకప్పుడు లారీ తిప్పడమంటే కుస్తీ పట్టడమే. అమెరికాలో పియర్స్ యారో కంపెనీ లారీల విభాగంలో ఇంజినీరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ ఆ కష్టం చూశాడు. 1926లో నూనె ఒత్తిడితో పనిచేసే పవర్ స్టీరింగ్‌ను ప్రదర్శించాడు. మన దేశంలో వాణిజ్య వాహనాలకు దాన్ని 1969లో తెచ్చింది అశోక్ లేలాండ్. చేతికి హాయి దక్కింది. కానీ ఓ చిక్కూ వచ్చింది. పాత బండిలో కీలు అరుగుతుంటే ఆ అదురు చేతికి తెలిసేది. పవర్ స్టీరింగ్‌లో నూనె ఒత్తిడి ఆ అదురును చాలావరకూ మింగేస్తుంది. అందుకే ఇప్పుడు చేతిని మాత్రమే నమ్ముకుంటే చాలదు, కళ్లతోనూ చూడాలి.

లక్షణాన్ని బట్టి రోగం

'స్టీరింగ్ బాగాలేదు' అంటే వైద్యుడితో 'ఒంట్లో బాగాలేదు' అన్నట్టే. ఎలా బాగాలేదో చెప్పాలి.

బండి ఒకే పక్కకు గుంజుతోందా? స్టీరింగ్‌ను అనుమానించేముందు టైర్లలో గాలి చూడాలి. ఒకవైపు బ్రేకు పట్టేస్తోందేమో చూడాలి. పట్టీల సెంటర్ బోల్టు విరిగి ఇరుసు పక్కకు జరిగినా బండి ఇలాగే గుంజుతుంది.

తిప్పడం బరువుగా ఉందా? గ్రీజు అందక కింగ్‌పిన్ ఎండిపోయి ఉండొచ్చు. పవర్ స్టీరింగ్ నూనె తగ్గి ఉండొచ్చు, పంపు నీరసించి ఉండొచ్చు.

ఒక వేగం దగ్గర చక్రం వణుకుతోందా? టైరు బ్యాలెన్సు, వంగిన రిమ్ము, వదులైన బేరింగు, అరిగిన కింగ్‌పిన్... వరసగా చూసుకుంటూ రావాలి.

తిప్పినా బండి వెంటనే స్పందించట్లేదా? అప్పుడు అనుమానం కీళ్ల మీదికి వెళ్లాలి. మన కంది లారీ రోగం ఇదే.

టైర్లూ సాక్ష్యం చెబుతాయి. ముందు టైరు మీద అడ్డంగా అరచేత్తో నిమరండి. ఒకవైపు నున్నగా, తిరిగి వచ్చేటప్పుడు రంపంలా గరుగ్గా తగిలితే చక్రాల వరస తప్పినట్టే. ఒక అంచే అరిగితే చక్రం వాలు మారిందన్నమాట. అది కింగ్‌పిన్ వల్లా కావచ్చు. వేల రూపాయల టైరు నెలల్లో గుండయిపోయాక 'కంపెనీ మంచిది కాదు' అని తిట్టుకునేవాళ్లే ఎక్కువ. తప్పు టైరుది కాదు, కీలుది!

ఇద్దరు మనుషులు, ఓ జాకీ

ఈ రోగ నిర్ధారణకు ఖరీదైన యంత్రాలేం అక్కర్లేదు. బండిని చదునైన చోట, చక్రాలు తిన్నగా ఉండేలా నిలపాలి. వెనక చక్రాలకు అడ్డుకట్టలు వెయ్యాలి. పవర్ స్టీరింగ్ అయితే ఇంజిన్ నడుస్తుండాలి. ఒకరు పైన కూర్చుని స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూఇటూ ఆడించాలి. రెండోవాళ్లు పక్క నుంచి ఒక్కో కీలునూ గమనించాలి. బాక్సును ఛాసిస్‌కు బిగించిన బోల్టులు కదులుతున్నాయా? డ్రాప్ ఆర్మ్ కదిలిన వెంటనే డ్రాగ్ లింక్ కదులుతోందా, లేక క్షణం ఆగి కదులుతోందా? టై రాడ్ చివర గుండు గిన్నెలో పైకీ కిందికీ ఎగురుతోందా? కంటికి తెలియకపోతే కీలు మీద వేలు పెడితే తెలుస్తుంది. అరిగిన కీలు వేలి కింద 'టక్' మంటుంది.

తరవాత ఇంజిన్ ఆపి, సరుకు దించిన బండిని ముందు ఇరుసు కింద జాకీ పెట్టి లేపాలి. జాకీని మాత్రమే నమ్మకుండా కింద స్టాండు పెట్టాలి. టైరును గడియారం అనుకుని పన్నెండు దగ్గర ఓ చెయ్యి, ఆరు దగ్గర ఓ చెయ్యి వేసి ఊపాలి. వదులు తెలిసిందా? వెంటనే కింగ్‌పిన్ అని తేల్చెయ్యకూడదు. ఇంకొకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపాలి. ఇప్పుడు వదులు మాయమైతే తప్పు చక్రం బేరింగుది. అలాగే ఉంటే కింగ్‌పిన్‌ది. చూడ్డానికి చిన్న కిటుకు. కానీ బేరింగు బిగిస్తే పోయే పనికి కింగ్‌పిన్ కిట్టు కొనకుండా కాపాడేది ఇదే.

చేతులు తొమ్మిది, మూడు దగ్గర వేసి ఊపితే వదులు తెలుస్తోందంటే ముందుగా చూడాల్సింది టై రాడ్ ఎండ్‌లను.

'కీలెరిగి వాత పెట్టాలి' అన్నారు పెద్దలు. లారీల విషయంలో ఎక్కువగా జరిగేది దానికి విరుద్ధం. ప్లే వచ్చిందనగానే కొందరు నేరుగా స్టీరింగ్ బాక్సు మీదున్న స్క్రూ బిగించేస్తారు. ఆ పూటకు ప్లే తగ్గినట్టే ఉంటుంది. కానీ అరిగిన కీలు అరిగినట్టే ఉంటుంది. పైగా బాక్సు మరీ బిగుసుకుంటే మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది తిన్నగా రాదు, లోపలి భాగాలూ అరిగిపోతాయి. ఒక రోగం రెండవుతుంది!

ముప్ఫై డిగ్రీలు

ఎంత ప్లే ఉంటే ప్రమాదం? దీనికి చట్టంలోనే లెక్క ఉంది. 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 98వ నిబంధన ప్రకారం స్టీరింగ్ చక్రం దగ్గర వదులు 30 డిగ్రీలు మించకూడదు. స్టీరింగ్ కీళ్లకు రబ్బరు టోపీలు ఉండాలి. బోల్టులు, పిన్నులు ఊడిపోకుండా లాక్ చేసి ఉండాలి.

ముప్ఫై డిగ్రీలంటే ఎంత? గడియారంలో ఒక గంట మేర. యాభై సెంటీమీటర్ల వ్యాసం ఉన్న స్టీరింగ్ అయితే దాని అంచు మీద దాదాపు 13 సెంటీమీటర్లు. అంటే ఒక బెత్తెడు కన్నా ఎక్కువ. చక్రానికి చాక్‌పీసుతో గీత పెట్టి, ముందు టైరు కదిలేదాకా తిప్పి, టేపుతో కొలిస్తే చాలు. అమెరికాలో 20 అంగుళాల స్టీరింగ్ ఉన్న లారీకి పవర్ స్టీరింగ్ అయితే అయిదుంపావు అంగుళాలు, మామూలు స్టీరింగ్ అయితే రెండున్నర అంగుళాల వరకే అనుమతి.

ఇది ఆఖరి హద్దు మాత్రమే. అక్కడిదాకా ఆగమని కాదు. ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. కానీ కీలు అరగడానికి ఏడాది ఆగదు కదా!

మార్చడంలో మర్మాలు

మన కంది లారీ దగ్గరికొద్దాం. మెకానిక్ పరీక్షించాడు. స్టీరింగ్ బాక్సు బాగానే ఉంది. కింగ్‌పిన్‌లూ ఫర్వాలేదు. ఎడమ టై రాడ్ ఎండ్ రబ్బరు టోపీ చిరిగి ఉంది. దుమ్మూ నీళ్లూ చేరి గ్రీజు బురదైంది. గుండు గిన్నెలో గిలకలా ఆడుతోంది. బాక్సు ఖరీదుతో పోలిస్తే టై రాడ్ ఎండ్ ఖరీదు చిల్లర కిందే లెక్క!

అయితే మార్చే పనిలోనూ కొన్ని పట్టింపులున్నాయి. ముందుగా నట్టుకున్న స్ప్లిట్ పిన్ తీసి నట్టు వదులు చెయ్యాలి. గుండు కాడ శంకువులా సన్నబడుతూ ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా రాదు. మర మీద సుత్తితో మోదకూడదు. పుల్లర్‌తో లాగాలి. పాత ఎండ్‌ను విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకోవాలి. కొత్తదాన్ని అన్ని చుట్లే ఎక్కిస్తే చక్రాల వరస ఇంచుమించు పాతచోటే ఉంటుంది. టై రాడ్‌కు ఒక చివర మామూలు మర, రెండో చివర ఎడమ మర ఉంటాయి. అది తెలియక బలవంతంగా తిప్పి మర చెడగొట్టేవాళ్లూ ఉన్నారు.

కొత్త నట్టు కంపెనీ చెప్పినంత బిగించాక స్ప్లిట్ పిన్ రంధ్రం ఎదురుగా రాకపోతే? నట్టును వెనక్కి వదలకూడదు. ఇంకొంచెం బిగించి తరవాతి గాడికి తేవాలి. పిన్ను మాత్రం ప్రతిసారీ కొత్తదే వెయ్యాలి. కొన్ని రూపాయల పిన్ను అది. పాతదాన్నే తిన్నగా వంచి మళ్లీ దూర్చడం, పిన్నుకు బదులు తీగ చుట్టడం... రోడ్ల మీద తిరుగుతున్న పొదుపుల్లో ఇంతకంటే ఖరీదైనది లేదు. అది విరిగితే నట్టు తిరిగి తిరిగి ఊడుతుంది. నట్టు ఊడితే కీలు ఊడుతుంది.

డ్రాప్ ఆర్మ్ విప్పాల్సి వస్తే దానిమీదా షాఫ్ట్ మీదా గుర్తు పెట్టుకోవాలి. ఒక్క పన్ను తేడాతో ఎక్కించినా స్టీరింగ్ మధ్యస్థానం తప్పుతుంది. దాన్నీ సుత్తితో కొట్టి ఊడదీయకూడదు. ఆ దెబ్బ బాక్సు లోపలి బేరింగులకు తగులుతుంది.

కింగ్‌పిన్ అరిగితే పిన్ను మాత్రమే మారిస్తే చాలదు. బుష్‌లు, బరువు మోసే బేరింగు కూడా మార్చాలి. కొత్త బుష్‌ను పిన్నుకు సరిపడేలా రీమర్‌తో చెక్కించాలి. ఇది అనుభవం ఉన్న చేతిపని. బిగుతైతే చక్రం తిప్పడం కష్టం, వదులైతే మొదటికే మోసం. పని ఏదైనా చివర్లో అలైన్‌మెంట్ చేయించాల్సిందే.

ఒక పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చెయ్యకూడదు. వంగిన డ్రాగ్ లింకునో డ్రాప్ ఆర్మ్‌నో కొలిమిలో కాల్చి తిన్నగా చెయ్యడం, పగిలినచోట వెల్డింగ్ పెట్టడం. అవి అచ్చులో సాగగొట్టి, పదును పెట్టిన ఉక్కుతో చేసినవి. మళ్లీ కాలిస్తే ఆ పదును పోతుంది. చూడ్డానికి తిన్నగానే ఉంటుంది. ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. కొడవలికి పదును పెట్టించే రైతును అడగండి... మంటలో పడ్డ కొడవలి ఎందుకు తెగదో ఆయనే చెబుతాడు.

గ్రీజు గన్నే సంజీవని

అరగడాన్ని పూర్తిగా ఆపలేం. ఆలస్యం చెయ్యొచ్చు. కంపెనీ చెప్పిన గడువు ప్రకారం నిపుల్స్ తుడిచి, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది ఎక్కించాలి. నిపుల్ మీద మట్టి తుడవకుండా గన్ను పెడితే గ్రీజుతోపాటు ఇసుకనూ లోపలికి పంపినట్టే. కింగ్‌పిన్‌కు గ్రీజు పెట్టేటప్పుడు ఇరుసును జాకీతో లేపితే మంచిది. బరువు తగ్గిన సందుల్లోకి గ్రీజు బాగా వెళ్తుంది. వానాకాలంలో బురద దారుల్లో, ఓర్రెల్లో తిరిగిన బండికి ఈ పని ఇంకా తరచుగా చెయ్యాలి. పవర్ స్టీరింగ్ ఉంటే నూనె, ఫిల్టరు వేళకు మార్చాలి. స్టీరింగ్‌ను ఒకవైపు చివరిదాకా తిప్పి అలాగే పట్టుకుని ఉంచకూడదు. పంపు వేడెక్కి పాడవుతుంది.

ఇదంతా లారీలకేనా? కాదు. పిల్లలెక్కే స్కూలు బస్సుకూ, ఇంటిల్లిపాదీ ఎక్కి జాతరకు వెళ్లే ట్రాలీని లాగే ట్రాక్టరుకూ కీళ్లున్నాయి. బస్సు స్టీరింగ్‌ను డ్రైవరు తిన్నని రోడ్డు మీదా ఆపకుండా అటూఇటూ ఆడిస్తుంటే ఓసారి అడగండి. అడిగితే చిన్నబుచ్చుకునే డ్రైవరు కన్నా, అడగనందుకు బాధపడే రోజు భయంకరం.

ఇంతకీ మన కంది లారీ ఏమైంది? బస్తాలు దించారు. కావలసిన భాగం తెప్పించి, బిగించి, అలైన్‌మెంట్ చేయించుకునేసరికి ఓ రోజు గడిచింది. ఓ ట్రిప్పు కిరాయి పోయింది. కిస్తీకి నాలుగు రోజులు ఆలస్యమైంది. ఫైనాన్సు వాళ్ల ఫోనొచ్చింది. ఇంట్లో కాస్త సణుగుడు...

ఆ సణుగుడు వినడానికి మనిషి ఇంటికొచ్చాడు. అంతకన్నా ఏం కావాలి!